గంజికి లెక్కకట్టిన దొర: కౌంట్ రంఫర్డ్ జీవితం

దానధర్మాలు చేసే దొరల సంగతి కూలిజనానికి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. సత్రం కట్టించిన దొర, గుడికి గోపురం ఎత్తించిన దొర, కరువులో గంజి పోయించిన దొర - అందరి కథలూ విన్నాం. సత్రం అరుగు మీద దొర పేరు చెక్కి వుంటుంది, అదే దొర దగ్గర పాలేరు జీతం మాత్రం బాకీ వుంటుంది. అదీ చూశాం. అయితే పేదవాడి కడుపు నింపటానికి ఎన్ని గింజలు, ఎన్ని నీళ్లు, ఎన్ని పుల్లలు కావాలో తూకం వేసి, పొయ్యి దగ్గర నిలబడి లెక్కకట్టిన దొర ఒకడున్నాడు. ఆయన పేరు కౌంట్ రంఫర్డ్. కౌంట్ అంటే యూరప్‌లో పెద్ద జమీందారీ హోదా లాంటిది. ఈయన గొప్ప సైంటిస్టు కూడా. వేడి అంటే ఏమిటో ప్రపంచానికి తెలియజెప్పినవాళ్లలో ముందువరసలో వుంటాడు.

ఈయన జీవితం మనం తెలుసుకోవాలి. దయకీ హక్కుకీ మధ్య గీత ఎక్కడుందో ఈయన కథలో చేత్తో పట్టుకున్నట్టు తెలుస్తుంది.

రైతు కొడుకు

ఈయన పుట్టుకతో దొర కాదు. అసలు పేరు బెంజమిన్ థామ్సన్. 1753 మార్చి 26న అమెరికాలోని మసాచుసెట్స్‌లో, వోబర్న్ అనే పల్లెలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాడు. ఆ ప్రాంతం అప్పట్లో ఇంగ్లండు రాజు కింద వలస. రెండేళ్లు నిండకముందే తండ్రి చనిపోయాడు. తల్లి మారుమనువు చేసుకుంది. 13 ఏళ్లప్పుడు సేలం అనే రేవుపట్నంలో ఒక షావుకారు కొట్టులో పనికి కుదిర్చారు.

కొట్టులో కూచున్నా మనసంతా లెక్కల మీద, యంత్రాల మీద వుండేది. ఒకసారి బాణసంచా తయారుచేయబోయి ఒళ్లు కాల్చుకున్నాడు. పెద్ద చదువు చదివే స్తోమతు లేదు. దొరికిన పుస్తకం చదివి, తెలిసినవాళ్లను అడిగి నేర్చుకున్నాడు. తరువాత న్యూహాంప్‌షైర్‌లోని కాంకర్డ్ అనే వూరికి బడిపంతులుగా వెళ్లాడు. ఆ వూరి పాత పేరే రంఫర్డ్. 1772లో అక్కడ సారా అనే ఆస్తిపరురాలైన వితంతువును పెళ్లాడాడు. ఆమె ఈయనకన్నా పదేళ్లకు పైగా పెద్దది. దాంతో భూములు వచ్చాయి, పెద్దమనుషుల పరిచయాలు వచ్చాయి. గవర్నరు ఈ కుర్రవాణ్ణి పిలిచి స్థానిక సైన్యంలో మేజరు ఉద్యోగం ఇచ్చాడు. ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లను పక్కనబెట్టి ఇతనికివ్వటం వూళ్లో చాలామందికి కంటగింపైంది.

అప్పటికి అమెరికా వలసల్లో ఇంగ్లండు పాలన మీద తిరుగుబాటు రాజుకుంటోంది. థామ్సన్ రాజు పక్షం నిలబడ్డాడు. సైన్యం నుంచి పారిపోయి వచ్చిన ఇంగ్లీషు సిపాయిలను తిరిగి పట్టించాడని జనం ఇంటి మీదికి వచ్చారు. 1774లో భార్యనూ నెలల బిడ్డనూ వదిలి పారిపోయాడు. ఆ భార్య 1792లో చనిపోయింది.  1775లో కంటికి కనపడని సిరాతో తిరుగుబాటుదారుల రహస్యాలు రాసి ఇంగ్లీషు సేనాపతి గేజ్‌కి పంపాడు. సిరాలో కూడా రసాయనశాస్త్రం పనిచేసిందన్నమాట.

1776లో లండన్ చేరాడు. అక్కడ వలసల మంత్రి లార్డ్ జార్జి జెర్మేన్ చేరదీశాడు. 1780కల్లా ఆయన కింద ఉపకార్యదర్శి అయ్యాడు. ఈలోపు తుపాకిమందు మీద ప్రయోగాలు చేసి 1779లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. ఆ కాలంలో సైంటిస్టులకు అంతకు మించిన గౌరవం లేదు. యుద్ధం చివరి రోజుల్లో దళం వెంటబెట్టుకుని అమెరికా తిరిగి వెళ్లాడు. లాంగ్ ఐలండ్‌లో హంటింగ్టన్ అనే వూళ్లో, శ్మశానం మీదే కోట కట్టించాడు. రైతుల ఆపిల్ చెట్లు, దడులు, చర్చి కలప, చివరికి సమాధిరాళ్లు కూడా ఆ కోటకు పోయాయి. రైతు బిడ్డ రైతుల తోటలు నరికించాడు. 1784లో ఇంగ్లండు రాజు సర్ బిరుదు ఇచ్చాడు.

ఒక్క పూటలో బిచ్చగాళ్లు మాయం

అదే ఏడు జర్మన్ దేశాల్లో ఒకటైన బవేరియాకు వెళ్లి అక్కడి పాలకుడు కార్ల్ థియోడర్ కొలువులో చేరాడు. రాజధాని మ్యూనిక్. కొద్ది ఏళ్లలోనే సైన్యం, పోలీసు వ్యవహారాలు ఆయన చేతికొచ్చాయి.

సిపాయిల బతుకు అక్కడ అధ్వాన్నంగా వుండేది. జీతం చాలదు, బట్ట సరిగా లేదు. థామ్సన్ ఏ నూలుబట్ట, ఏ ఉన్నిబట్ట ఎంత వేడి నిలుపుతుందో ప్రయోగాలు చేసి మరీ బట్టలు మార్పించాడు. దండు బసల పక్కన తోటలు వేయించాడు. ప్రతి సిపాయికీ ఒక మడి. అందులో కూరగాయలు, బంగాళాదుంపలు పండించుకోవాలి. సెలవు మీద పల్లెకు పోయే సిపాయి విత్తనాలూ దుంపలూ మూటగట్టుకుని పోయేవాడు. ఈ విధంగా బవేరియా పల్లెల్లో బంగాళాదుంప సాగు పాకింది. ఇది మెచ్చుకోదగ్గ పనే. 1789లో మ్యూనిక్‌లో వేయించిన పెద్ద తోటను సామాన్య జనం కోసం తెరిపించాడు. ఇంగ్లీషు తోట అని పేరు.

ఇక అసలు సంగతికొద్దాం. మ్యూనిక్ జనాభా సుమారు 60,000. వీధి వీధినా బిచ్చగాళ్లే. 1790 జనవరి 1న, పండగపూట బిచ్చగాళ్లంతా బయటకు వచ్చే రోజు చూసి, థామ్సన్ వల వేశాడు. సైన్యాధికారులనూ నగర న్యాయాధికారులనూ జతలు జతలుగా వీధుల్లోకి పంపాడు. చెయ్యి చాచిన మొదటి ముసలివాణ్ణి తానే పట్టుకున్నాడు. గంటసేపట్లో వీధుల్లో బిచ్చగాడన్నవాడు లేకుండా పోయాడు. వారం రోజుల్లో 2,600 మంది పేర్లు పట్టీకెక్కాయి.

వాళ్ల కోసం నగర శివారులో పెద్ద పనిశాల ముందే సిద్ధం చేయించాడు. నూలు వడకాలి, ఉన్ని వడకాలి, నేయాలి, సైనికుల బట్టలు కుట్టాలి. హాళ్లు వెచ్చగా, శుభ్రంగా వుండేవి. కొట్టటం నిషేధం. చేసిన పనికి కూలి, మధ్యాహ్నం వేడి సూపు. చిన్న పిల్లలకు బడి. మరీ పసివాళ్లను హాలు చుట్టూ బల్లల మీద కూచోబెట్టేవారు. పెద్దపిల్లలు పనిచేస్తుంటే చూస్తూ వుండటమే వాళ్ల పని. ఊరికే కూచున్నందుకు కూడా డబ్బులిచ్చేవారు. కూచుని కూచుని విసిగి, మాకూ పనివ్వమని వాళ్లే అడిగేదాకా అంతే. ఇంత తెలివిగా పసివాడికి రాట్నం అంటగట్టిన పద్ధతి మరొకటి వుండదేమో.

థామ్సన్ జబ్బుపడితే మ్యూనిక్ పేదలు ఊరేగింపుగా చర్చికి వెళ్లి ఆయన కోసం ప్రార్థన చేశారట. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు, అబద్ధం అనుకోనక్కర్లేదు. ఆకలిగొన్నవాడికి వేడి అన్నం పెట్టిన చెయ్యి మీద విశ్వాసం వుంటుంది. కాని బిచ్చగాళ్లు ఎక్కడినుంచి వచ్చారన్న ప్రశ్న ఆయన వేసుకోలేదు. సోమరితనం, చెడు అలవాట్లు అనుకుని వూరుకున్నాడు. బవేరియాలో భూమి చాలావరకు చర్చిదీ, ప్రభువులదీ. దున్నేవాడు పన్నూ, భాగమూ, వెట్టీ చెల్లించుకోవాలి. అక్కడ దాస్యం చట్టప్రకారం రద్దయింది 1808లో. భూస్వాములకు చెల్లించే శిస్తులు రద్దు చేసే చట్టం 1848 విప్లవం దెబ్బకు వచ్చింది. బిచ్చగాణ్ణి తయారుచేసే ఆ మరమీద సర్వాధికారాలున్న మంత్రి కూడా చెయ్యి వేయలేదు. ఆ మర తిప్పే ప్రభువే 1790ల మొదట్లో ఆయనకు కౌంట్ హోదా ఇచ్చాడు. పంతులుగా పనిచేసిన వూరి పేరే బిరుదుగా పెట్టుకుని కౌంట్ రంఫర్డ్ అయ్యాడు.

సూపు లెక్క

ఇప్పుడు సూపు సంగతి. పనిశాలలో వందలమందికి వండాలి. ఖర్చు తగ్గాలి. రంఫర్డ్ రకరకాలుగా వండించి చూశాడు. చివరికి తేలిన వంటకం ఇది: బార్లీ గింజలు, బఠాణీలు, బంగాళాదుంపలు, వెనిగర్ పులుపు, ఉప్పు, బోలెడన్ని నీళ్లు, పైన ఎండు రొట్టె ముక్కలు. మాంసం లేదు. మొదట్లో అక్కడి పేదలు బంగాళాదుంపను అసహ్యించుకునేవారు. అందుకని చాటుగా వేరే గదిలో మెత్తగా ఉడికించి, ఆనవాలు దొరక్కుండా కలిపేవారు. అలవాటు పడ్డాక బయటపెట్టారు.

ఒక మనిషికి ఒక పూటకు 20 ఔన్సుల సూపు, అంటే అరకిలో పైచిలుకు. అందులో గట్టి పదార్థం 6 ఔన్సులకు మించదు. మిగతాదంతా నీళ్లే. ఇంత తక్కువతో కడుపెలా నిండుతోందని రంఫర్డ్ ఆశ్చర్యపోయి ఒక సిద్ధాంతం చేశాడు. బాగా మరిగితే నీళ్లే ఆహారంగా మారతాయన్నాడు. ఇంకా, ఎండు రొట్టె ముక్క ఎందుకంటే, నమిలే కొద్దీ తిన్న తృప్తి ఎక్కువసేపు వుంటుందన్నాడు. నీళ్లకు బలం లేదని తరువాతి సైన్సు తేల్చింది. కాని ఆ మాట చెప్పటానికి మనకు సైన్సు కూడా అక్కర్లేదు. నీళ్లగంజి తాగి నాట్లకు దిగిన ఏ ఆడకూలినడిగినా చెబుతుంది.

ఈ లెక్కలో వున్న అసలు ప్రమాదం నీళ్లు కాదు. పేదవాడు ఎంత తక్కువతో బతకగలడో తేల్చటం ఎవరికి లాభం? మన వూళ్లల్లో పూట అన్నం పెట్టి ఆ మేరకు కూలి కోసే ఆసామికి ఈ లెక్క బాగా తెలుసు. అన్నంలో కూర తగ్గిస్తే ఆయనకు ఇంకా మిగులు. కారల్ మార్క్స్ 1867లో అచ్చయిన పెట్టుబడి మొదటి సంపుటంలో ఈ రంఫర్డ్‌ను పేరుపెట్టి ఎగతాళి చేశాడు. కూలివాడు తినే తిండి స్థానంలో చవక సరుకు పెట్టే వంటల పుస్తకం రాశాడని దెప్పాడు. తిండి చవకైతే కూలి తగ్గించవచ్చన్నదే యజమాని ఆలోచన అని ఆయన వివరణ.

ఇలాంటి లెక్క మన గడ్డ మీద కూడా కట్టారు. 1876-78 కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మలమల మాడిపోయాయి. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే తెల్ల అధికారి వచ్చి, కరువు పనుల్లో మట్టిమోసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలునన్నాడు. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ ఇది మనుషుల్ని చంపే కూలి అని పోట్లాడాడు. రంఫర్డ్‌కీ టెంపుల్‌కీ తేడా వుంది. రంఫర్డ్ తిండి పెట్టాలని లెక్కకట్టాడు, టెంపుల్ తిండి తగ్గించాలని లెక్కకట్టాడు. కాని ఇద్దరి లెక్కలోనూ తినేవాడి మాటకు చోటు లేదు.

ఫిరంగి తొలిచేచోట తెలిసిన నిజం

రంఫర్డ్ సైన్సుకు మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఆ రోజుల్లో పండితులంతా వేడి అనేది కెలోరిక్ అనే కంటికి కనపడని ద్రవం అని నమ్మేవారు. వస్తువులో దాగి వుంటుంది, పిండితే బయటకొస్తుంది అని. గొప్ప రసాయన శాస్త్రజ్ఞుడు లవోయిజర్ కూడా అదే చెప్పాడు. రంఫర్డ్ మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగులు తొలిపించేవాడు. పెద్ద ఇత్తడి దిమ్మను తిప్పుతూ బరమా పెట్టి తొలుస్తారు. అక్కడ పనిచేసే ఏ కూలివాడికైనా తెలుసు, దిమ్మ కాలిపోతుంది, రాలే తురుము ఇంకా కాలిపోతుంది.

పండితుల పుస్తకం పక్కనబెట్టి ఆయన దీన్ని పరీక్షించాడు. మొద్దు బరమా పెట్టించాడు. దిమ్మ చుట్టూ పెట్టె బిగించి ఎనిమిది కిలోల పైచిలుకు నీళ్లు పోయించాడు. గుర్రాలు తిప్పుతుంటే నీళ్లు మెల్లగా వేడెక్కి రెండున్నర గంటల్లో సలసల మరిగాయి. కింద నిప్పు లేదు. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. గుర్రాలు తిప్పినంతసేపూ వేడి వస్తూనే వుంది, తరగలేదు. లోపల దాగిన ద్రవమే అయితే ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి కదా? కాబట్టి వేడి ద్రవం కాదు, కదలికే వేడి అని తేల్చాడు. 1798 జనవరిలో ఈ వ్యాసం రాయల్ సొసైటీలో చదివారు. 1840లలో జేమ్స్ జౌల్ అనే ఆయన ఎంత పనికి ఎంత వేడో కచ్చితంగా కొలిచి దీన్ని స్థిరపరిచాడు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. నీళ్లను మరిగించింది ఇత్తడిలో దాగిన మాయద్రవం కాదు, గుర్రం చేసిన పని అని ఆయన కనిపెట్టాడు. ప్రభువు ఖజానా ఎవరి పనివల్ల నిండుతోందో మాత్రం అదే చూపుతో చూడలేకపోయాడు. పనిశాల లాభంలో నడిచిందని లెక్కలు చూపించినవాడు, ఆ లాభం వడికిన చేతులదని రాయలేదు.

పొయ్యి విషయంలో కూడా ఆయన మేలు చేశాడు. బయటమంట పొయ్యిలో కట్టెల వేడి చాలావరకు గాలికి పోతోందని కొలిచి, మంట చుట్టూ ఇటుక కట్టి, గాలి వచ్చే దారీ పొగ పోయే దారీ అదుపులో పెట్టాడు. కట్టెలు కలిసొచ్చాయి, పొగ తగ్గింది. మన దగ్గర 1950లలో హైదరాబాదు ఇంజనీరింగ్ రిసెర్చి లేబొరేటరీలో ఎస్.పి. రాజు తయారుచేసిన పొగలేని పొయ్యి వెనక కూడా ఈ మాదిరి ఆలోచనే వుంది. పొగకు కళ్లు మండే ఆడవాళ్లకు దీని విలువ తెలుసు.

సూపు పోశారు, కూలి పెంచలేదు

1795లో రంఫర్డ్ లండన్ తిరిగొచ్చాడు. అప్పుడు ఇంగ్లండులో పంటలు పోయాయి, ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తోంది, రొట్టె ధర ఆకాశానికంటింది. పల్లెల్లో ఉమ్మడి బీళ్లకు పెద్ద రైతుదొరలు కంచెలు వేసుకున్నారు. ఆవునూ పందినీ మేపుకున్న పేదవాడు వట్టి కూలివాడైపోయాడు. ఊరూరా ఆడవాళ్లు గుంపులుగా వచ్చి గోధుమ బళ్లు ఆపి, న్యాయమైన ధరకు అమ్మించారు.

అప్పుడు ధనికవర్గానికి రంఫర్డ్ పుస్తకం దేవుడిచ్చిన వరంలా దొరికింది. పట్నాల్లో సూపు కేంద్రాలు వెలిశాయి. చాలామంది ప్రాణాలు అవి కాపాడి వుంటాయి, కాదనం. అయితే అదే సమయంలో శామ్యూల్ విట్‌బ్రెడ్ అనే సభ్యుడు వ్యవసాయ కూలీలకు కనీస కూలి నిర్ణయించాలని పార్లమెంటులో బిల్లు పెట్టాడు. 1796 ఫిబ్రవరిలో, ప్రధాని పిట్ అడ్డం తిరగ్గా, ఆ బిల్లు వీగిపోయింది. 1800లో మళ్లీ పెడితే మళ్లీ వీగిపోయింది. దానికి బదులు కొన్నిచోట్ల రొట్టె ధరను బట్టి కూలికి తక్కువ పడింది ఊరి పేదల నిధి నుంచి పూడ్చారు. ఎవరో పూడుస్తున్నప్పుడు యజమాని కూలి ఎందుకు పెంచుతాడు? ఇంగ్లండు వ్యవసాయ కూలికి చట్టప్రకారం కనీస కూలి 1917లో గాని రాలేదు. సూపు ఒక్క శీతాకాలంలో వచ్చింది. కూలి రావటానికి నూట ఇరవై ఏళ్లు పట్టింది.

మూసేసిన మెట్లు

1799 మార్చిలో రంఫర్డ్ పూనికతో లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైన్సు సంస్థ పుట్టింది. సైన్సును పొయ్యిలోకీ, ఇంటిలోకీ, పనివాడి చేతిలోకీ తేవాలన్నది ఆయన మొదటి ఉద్దేశం. పనివాళ్లకు బడి పెట్టాలనుకున్నారు. వాళ్లు ఉపన్యాసాలు వినటానికి పైవసారాకు వేరే మెట్లు కట్టారు. దొరలతో కలిసి నడవకుండా వేరే మెట్లు! అదైనా మిగల్లేదు. పనివాడికి చదువు చెబితే రాజకీయంగా ప్రమాదం అని పెద్దలకు భయం పట్టుకుంది. బడి ఆగిపోయింది, మెట్లు తీసేశారు. ఆ 1799లోనే పనివాళ్లు సంఘం పెట్టుకోవటం నేరమని పార్లమెంటు చట్టం చేసింది. సంస్థ పుట్టటమూ ఈ చట్టం రావటమూ ఒకే ఏడు జరిగాయని గుర్తుపెట్టుకోండి. గంజి తాగే నోరు పరవాలేదు, అడిగే నోరు, చదివే కన్ను పనికిరావన్నమాట.

చరిత్ర మాత్రం వూరుకోలేదు. 1813లో అదే సంస్థలో సహాయకుడిగా చేరిన మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు, పుస్తకాలు కుట్టే పని నేర్చినవాడు. ఈనాటి కరెంటు మోటార్లకూ జనరేటర్లకూ మూలమైన ప్రయోగాలు ఆయనవే.

చివరి రోజులు

సంస్థ పెద్దలతో పొసగక రంఫర్డ్ 1802లో లండన్ విడిచాడు. పారిస్‌లో స్థిరపడి 1805లో లవోయిజర్ భార్య మరీ ఆన్‌ను పెళ్లాడాడు. లవోయిజర్ పన్నుల వసూలు గుత్తేదారు కూడా. ఆ కారణాన 1794లో విప్లవ న్యాయస్థానం ఆయన తల తీయించింది. ఆ పెళ్లి నాలుగేళ్లు కూడా సవ్యంగా సాగలేదు. 1809లో విడిపోయారు. 1814 ఆగస్టు 21న పారిస్ పక్కన ఓటే అనే వూళ్లో రంఫర్డ్ చనిపోయాడు. సైన్సు బహుమతుల కోసం లండన్‌లోనూ అమెరికాలోనూ ముందే సొమ్ము కట్టి వుంచాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో, సైన్సును జనం పనులకు వాడే విద్య చెప్పటానికి, ఆస్తి రాసిపోయాడు.

ఈ జీవితం నుంచి మనం తీసుకోవలసింది ఏమిటి? ఆయన పొయ్యి తీసుకోవచ్చు. ఆయన పరిశోధన తీసుకోవచ్చు. పండితుడు చెప్పాడని నమ్మకుండా ఫిరంగి దగ్గరికెళ్లి చూసిన అలవాటు మరీ తీసుకోవాలి. కూలి రేట్లు, కొలతలు, మస్టర్లు మనం కూడా అలాగే స్వయంగా చూసి, రాసి, లెక్కకట్టుకోవాలి. కాని మన తిండికి లెక్క మరొకడు కట్టకూడదు.

1952 రాయలసీమ కరువులో గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరారు. ఆకలి వేసినప్పుడు గంజి తాగటం తప్పు కాదు, సిగ్గూ కాదు. మన సంఘాలవాళ్లు కూడా గంజి కాచారు. అయితే గంజి దగ్గర ఆగిపోలేదు. పని కావాలన్నారు, కూలి కావాలన్నారు, భూమి కావాలన్నారు. 1948లో కనీస వేతనాల చట్టం, 2005లో ఉపాధి హామీ చట్టం, 2013లో ఆహార భద్రత చట్టం వచ్చాయంటే, దయగా ఇచ్చేదాన్ని హక్కుగా రాసివ్వమని జనం పట్టుబట్టడం వల్లనే. చట్టం కాగితం మీద వుంటుంది. దాన్ని పొలంగట్టు మీదికి తెచ్చేది కూలివాడి సంఘమే.

ఈసారి మీ వూళ్లో ఎవరైనా పెద్దమనిషి దానం చేస్తే పుచ్చుకోండి. పుచ్చుకుని, ఆయన పొలంలో కూలి ఎంత ఇస్తున్నాడో కూడా నలుగురిలో అడగండి.